విశాఖపట్టణమున విన్న వసంతగీతము

వసంతమనగానే మనకందరకును మామిడిచిగురును, కోకిలకూతయు, ఉగాదినాటి వేపపూతయు తలపునకు వచ్చును. క్రైస్తవుల యారాధనలోను వసంతమును గూర్చిన గీతములు కలవనియు, వానిని వారు తమ పునరుత్థాన పండుగయగు ఈస్టరునాడు పాడుకొందురనియు మాకు చాలకాలము తెలియదు. 2015వ సంవత్సరమున విశాఖపట్టణమునకు పోయినప్పుడు అట్టి గీతము నొకదానిని వినుట మాకు తటస్థించినది. ఆ నాటి సంగతి మా యింట నేటికిని చెప్పుకొనుచుందుము. మీకును వినదగియుండునని తోచి వ్రాయుచున్నాము.

మాది రాజమహేంద్రవరము. అచ్చటినుండి విశాఖపట్టణము రైలుదారిని రమారమి 200 కిలోమీటర్లు. మాతో కళాశాలలో చదివిన స్నేహితురాలు అక్కడి ఉక్కునగరములో కాపురమున్నది. సంక్రాంతి వెళ్లిన కొలది దినములకే ఆమె తండ్రిగారు గతించిరి. అప్పుడు పోలేకపోయితిమి. పరామర్శకు ఆలస్యమైనదను బాధ మనస్సున నుండగా, సింహాచలము అప్పన్న దర్శనముకూడ చేసికొనవచ్చునని మా యత్తగారును బయలుదేరిరి. ఏప్రిల్ 3వ తేదీని ఉదయపు బండి యెక్కితిమి. అది క్రైస్తవులకు శుభశుక్రవారము.

అన్నవరము వచ్చినప్పుడు రత్నగిరివైపు తిరిగి మా యత్తగారు చేతులు జోడించిరి. తుని దాటిన పిమ్మట ఎడమవైపున తూర్పుకనుమలు దగ్గరకు వచ్చినవి. బెల్లమునకు పేరుగన్న అనకాపల్లి చేరుసరికి చెట్ల తీరే మారినది. కొన్ని మొదలంట కూలి వేళ్లు పైకి తేలియున్నవి. నిలిచిన వానికి కొమ్మలు లేవు. అంతకు ఆరు నెలలకు ముందు, 2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు, హుద్‌హుద్ అను పెనుతుపాను గంటకు 180 కిలోమీటర్ల వేగముగల గాలితో విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. విమానాశ్రయపు పైకప్పే చెదరిపోయెననిన వీధిచెట్ల మాట చెప్పనేల? కొండలమీది పచ్చదనమంతయు మంట పెట్టినట్లు మాడెనని మేము పత్రికలలో చదివియుంటిమి. కంటితో చూచుట వేరుగా నుండెను.

దువ్వాడ స్టేషనులో దిగి ఉక్కునగరము చేరితిమి. విశాఖలో ఉక్కు కర్మాగారము కావలెనని 1966లో ఆంధ్రదేశమంతట ఆందోళనము జరిగినది. అందు 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20వ తేదీని ఇందిరాగాంధీ దీనికి శంకుస్థాపన చేసెను. 1992లో ఇది జాతికి అంకితమైనది. ఇనుపరాతిని కరగించు మహాకొలుములకు ఇక్కడివారు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేరులు పెట్టుకొనిరి. నిప్పుకు నీటిపేరు పెట్టుట మా యత్తగారికి ఎంతో నచ్చినది. “చల్లగా పనిచేయాలని కాబోలు” అని నవ్విరి.

మా స్నేహితురాలి తల్లిగారిని మేము పెద్దమ్మగారని పిలుతుము. ఆమె ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించినవారు. మంచి కంఠము గలవారు. ఆమె భర్తగారు ఆ కొలుములవద్దనే చిరకాలము పనిచేసిరి. మమ్ము చూడగానే పెద్దమ్మగారు కుశలమడిగి, మంచినీళ్లిచ్చి, మరల మౌనముగా కూర్చుండిరి. వంటయింటిలో మా స్నేహితురాలు మెల్లగా చెప్పినది: “అమ్మ పాట మానేసింది. యిరవైయేళ్లకు పైగా ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర అమ్మా నాన్నా కలిసి ఒక పాట పాడేవారు. సంఘంలోని ఆడవాళ్లు వచ్చి ఈసారీ పాడమని అడిగారు. నావల్ల కాదని పంపేసింది.”

మరునాడు శనివారము. పెద్దమ్మగారిని ఇంట విడిచి, మా స్నేహితురాలు మమ్ము పాతపట్టణము చూపుటకు తీసికొనిపోయినది. ఓడరేవు ముఖద్వారమున డాల్ఫిన్స్ నోస్ అను కొండ సముద్రములోనికి ముక్కు చాచినట్లుండును. దానికెదురుగా పట్టణపువైపున మూడు చిన్నకొండలు వరుసగా కలవు. ఒకదానిపై మరియమాత గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల. మరియమాత గుడిగల రాస్ కొండ యెక్కి చూచితిమి. క్రింద ఓడలు ఒక్కొక్కటి గుమ్మము దాటి లోపలి నడవలోనికి వచ్చినట్లు రేవులోనికి వచ్చుచుండెను.

ఈ రేవు 1933లో తెరవబడినది. చిత్తడినేలను తవ్వి లోపలి రేవు చేసిరి. అలల తాకిడి తగులకుండ రెండు పాత యోడలను ముంచి వానిని అడ్డుకట్టగా నిలిపిరి. అంతకుముందు ఓడలు దూరముగా సముద్రముమీదనే ఆగుచుండెడివి. మనుష్యులు, సరకులు పడవలలో నురుగులు దాటి ఒడ్డు చేరవలసియుండెను. 1805లో లండన్ మిషనరీ సంఘమునకు చెందిన క్రాన్, డెస్ గ్రాంజస్ అను ఇరువురు ఈ పట్టణమునకు వచ్చిరి. వారు తెలుగు నేర్చి, ఆనందరాయరను క్రైస్తవుడైన బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయ మొదలిడిరి. అయిదేండ్లలోపలనే ఇరువురును ఈ గడ్డమీదనే మరణించిరి. వెనుకవారు ఆ పని సాగింపగా 1818లో క్రొత్త నిబంధన తెలుగున మద్రాసులో అచ్చుపడినది.

గ్రంథము వచ్చినను పాట రావలెను గదా! ఇంగ్లీషు బాణీలు మన నాలుకకు వెంటనే లొంగలేదు. ఆ లోటు తీర్చినవారిలో ముఖ్యుడు పురుషోత్తమ చౌధరి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890లో గతించెను. కర్ణాటక సంగీతపు రాగతాళములలో ఆయన రచించిన కీర్తనలను తెలుగు క్రైస్తవులు నేటికిని పాడుచున్నారు. వారి కీర్తనల పుస్తకము తెరచినచో ప్రతి కీర్తనకు పైని రాగము, తాళము అచ్చువేసి యుండును. మా యత్తగారు ఆ మాట విని “ఐతే మన త్యాగరాజస్వామి పుస్తకంలాగే ఉంటుందన్నమాట” అని ఆశ్చర్యపడిరి.

సాయంకాలమునకు ఇల్లు చేరితిమి. ఆనాడు చైత్రపూర్ణిమ, చంద్రగ్రహణముకూడ. చంద్రుడు గ్రహణముతోనే ఉదయించి 7 గంటలు దాటిన పిమ్మట విడిచెను. మా యత్తగారు మధ్యాహ్నమునుండి పచ్చిగంగయైన ముట్టలేదు. పెద్దమ్మగారు శుక్రవారము ఉదయమునుండి తమ శ్రమదినముల నియమముచొప్పున ఉపవాసమున్నారు. ఒకే వరండాలో ఇరువురు పెద్దవారు వేరువేరు కారణములచేత పస్తుండి, మాటలాడక ఆకాశమువంక చూచుచుండిరి. విడుపుస్నానము చేసి వచ్చిన పిమ్మట మా యత్తగారే మాట కలిపిరి.

“వదినగారూ, మీ పండుగ ఎప్పుడొస్తుందో దేన్నిబట్టి లెక్కకడతారు?”

“మాకూ చంద్రుడే ఆధారమండీ. మార్చి 21న గాని, ఆ తరవాత గాని వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం ఈస్టరు.”

“ఐతే రేపటిది మా చైత్రమాసపు పండుగే!”

పెద్దమ్మగారి ముఖమున మొదటిసారి చిన్న నవ్వు కనబడినది. ఉపవాసముండు ఆ నలువది దినములకు ఇంగ్లీషువారు పెట్టిన లెంట్ అను పేరునకు పూర్వార్థము వసంతమేననియు, పగళ్లు పొడవగుటనుబట్టి ఆ మాట పుట్టినదనియు ఆమె చెప్పిరి. మాట ఆ దారిని పడుట చూచి మా స్నేహితురాలు లోపలినుండి తండ్రిగారి నోటుపుస్తకము తెచ్చి మా చేతికిచ్చినది. నీలిగళ్ల పాత పుస్తకము. అంచులకు కొలుముల మసి యంటియున్నది. అందు ఆ ఈస్టరుపాట తెలుగున వ్రాసియున్నది. పైని “మోహన, ఆదితాళము” అని గుర్తు.

ఆ పాటకు మూలము ఇంగ్లీషు ఆరాధనపుస్తకములలోని ఒక ప్రసిద్ధ గీతము. జాన్ మేసన్ నీల్ అను ఇంగ్లీషు గురువు 1859లో దానిని ప్రకటించెను. ఆర్థర్ సల్లివన్ 1872లో దానికొక బాణీ కట్టెను. మూడుదినములు సమాధిలో నిద్రించిన క్రీస్తు, మబ్బులు చీల్చుకొని వచ్చిన సూర్యునివలె లేచెననియు, మనుష్యుల పాపమను దీర్ఘమైన చలికాలము పారిపోవుచున్నదనియు, ఇది ప్రాణములకు వసంతమనియు దాని భావము. మేము అది విని “మంచు కరగు దేశమువారి పాట గదా, మనకెట్లు అతుకును?” అని యడిగితిమి.

“అందరూ అలాగే అనుకుంటారమ్మా. ఆయనా మొదట అలాగే అన్నారు. కాని అది ఇంగ్లీషువాళ్ల పాట కాదు” అని పెద్దమ్మగారు చెప్పసాగిరి.

నీల్ దానిని గ్రీకునుండి తెచ్చెనట. దాని కర్త 8వ శతాబ్దమునాటి దమాస్కస్ యోహాను. ఈయన సిరియా దేశస్థుడు. యెరూషలేమునకు దాపున, మృతసముద్రమునకు పోవు లోయలోని మార్‌సబా మఠమున సన్న్యాసిగా నుండెను. ఈస్టరు తరువాతి ఆదివారమునకై ఆయన గ్రీకుభాషలో ఈ గీతమును రచించెను. ఆ మఠము చుట్టును బీడుకొండలు. చలికాలమున పడు కొద్దివానకు వసంతమున పూలు పూసి, కొలది వారములలో ఎండకు మాడిపోవును. కావున ఈ పాట పుట్టిన చోట వసంతమనగా మంచు కరగుట కాదు. బీడునేల యొక్క నెలపాటు పచ్చనగుట. ఎండ యెరిగిన దేశమున పుట్టిన పాట, చలిదేశము చుట్టి, ఓడయెక్కి మన ఎండదేశమునకు వచ్చినది.

వసంతగీతములకు ఇట్టి ప్రయాణములు క్రొత్త కాదు. 1582లో అచ్చయిన ఒక లాటిను పాటల పుస్తకములో పూలకాలమును గూర్చిన గీతమొకటి కలదు. ఈ నీలే 1853లో దాని బాణీకి చలికాలపు కథనొకదానిని కూర్చెను. నేడు లోకమంతయు దానిని క్రిస్మసు బాణీయనియే యెరుగును.

“ఆయనకు మాత్రం ఒక్కమాట దగ్గర కలం ఆగిపోయింది” అని పెద్దమ్మగారు మరల ఎత్తుకొనిరి. “'మన విశాఖపట్నంలో చలికాలమెక్కడిది, పోయిందని సంతోషించడానికి? మనకు మంచిగా ఉండేదే ఆ రెండునెలలు!' అనేవారు. నెలల తరబడి ఆ చరణం అలాగే ఉండిపోయింది. ఒక ఫాల్గుణమాసంలో రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే, రోడ్డంతా వేపాకు రాలి పసుప్పచ్చగా పరుచుకుని ఉందట. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, 'దొరికిందే! చలికాలం కాదు, శిశిరం' అన్నారు.”

మేము నోటుపుస్తకము చూచితిమి. ఆ మాట క్రింద రెండు గీతలు గీసియున్నవి. మన ఋతువులలో మాఘ ఫాల్గుణములు శిశిరము, ఆకురాలుకాలము. చైత్ర వైశాఖములు వసంతము. మంచు నెరుగని మనకు పోవలసినది చలి కాదు, ఆ బోడితనము. ఒక్క మాట మార్చుటతో పరదేశపు పాట మన వీధిలోనికి వచ్చినది.

“మరి రేపు పాడరా, వదినగారూ?” అని మా యత్తగారు అడిగిరి.

పెద్దమ్మగారు కొంతసేపు పలుకలేదు. “ఆకు రాలడమే కనిపిస్తోందండీ నాకు. చిగురు సంగతి ఏ నోటితో చెప్పను?”

మా మామగారు పోయి అప్పటికి పండ్రెండేండ్లు. మా యత్తగారు ఆ సంగతి యెవరితోను ఎత్తరు. ఆ రాత్రి మాత్రము అనిరి: “మా ఇంట్లో మొదటి ఏడు పండుగ లేదు. రెండో ఏడు ఉగాది పచ్చడి కలిపితే నాకు చేదొక్కటే తెలిసింది. బెల్లం వేశానో లేదో తెలియలేదు. పిల్లలు తిని బాగుందన్నారు. ఐతే వేశాననే అనుకున్నాను.”

ఆపై నెవ్వరును మాటలాడలేదు. పండుకొనబోవు ముందు మా యత్తగారు పెరటిలోని మల్లెమొగ్గలు కోయించి తెప్పించుకొని, దీపము దగ్గర కూర్చుండి మాల కట్టిరి. తాము పూలు ముడుచుట మానిననాటినుండి ఆమె మాల కట్టుట మేము చూడలేదు.

నాలుగు గంటలకే లేచి బయలుదేరితిమి. పున్నమి మరునాటి చంద్రుడు పడమటికొండలమీద ఇంకను పెద్దగా నుండెను. ఈస్టరు వేకువను సమాధుల దగ్గరకు పోవుట మన తీరమున క్రైస్తవకుటుంబములకు వాడుక. ముందుగానే సమాధులకు సున్నము వేసి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగింతురు. పిల్లలు, వృద్ధులు, కోడండ్రు అందరును వత్తురు. యేసును పూడ్చినచోటికి తెల్లవారకముందే సుగంధద్రవ్యములు తీసికొని మొదట పోయినవారు స్త్రీలేనని వారి గ్రంథము చెప్పుచున్నది. మన ఆచారమున స్త్రీలు శ్మశానమునకు పోరు. అందుచేత మా యత్తగారు వాకిలివద్దనే ఆగిపోయిరి. మేము బలవంతపెట్టలేదు.

వాకిటిప్రక్కను ఒక వేపచెట్టుండెను. హుద్‌హుద్ గాలికి అది నడుమకు విరిగినది. మ్రోడు మాత్రము నిలువెత్తున మిగిలినది. కొవ్వొత్తుల వెలుగులో దానివంక చూచితిమి. బెరడు చీల్చుకొని ప్రక్కలనుండి గుత్తులుగుత్తులుగా రాగిరంగు చిగుళ్లు వచ్చియున్నవి.

పెద్దమ్మగారి భర్తగారి సమాధికి ఇంకను రాయి పెట్టలేదు. మట్టిదిబ్బ, కొయ్యసిలువ. చుట్టును స్త్రీలు నిలిచిరి. ఎవరును పెద్దమ్మగారిని అడుగలేదు. ఒక యువతి పాట ఎత్తుకొన్నది, తక్కినవారు అందుకొనిరి. మోహనరాగమగుటచే మాకును బాణీ వెంటనే పట్టుబడినది. మొదటి చరణమంతయు పెద్దమ్మగారు తల వంచుకొని నిలిచిరి. రెండవ చరణమున శిశిరమను మాట వచ్చుసరికి ఆ యువతి తాళము తప్పి, ఆ మాటను తొందరగా దాటబోయినది. అక్కడ కొంచెము నిలువవలెనట. పెద్దమ్మగారు తల యెత్తి, ఆ మాటను తాము పట్టుకొని, నిలుపవలసినంతసేపు నిలిపిరి. కంఠము వణకినది; తెగలేదు. అక్కడినుండి చివరివరకు ఆమెయే పాడిరి.

పాట ముగిసి చూతుము గదా, మా యత్తగారు మా ప్రక్కనే నిలిచియున్నారు. ఎప్పుడు లోపలికి వచ్చిరో తెలియదు. మల్లెమాలను ఆ మట్టిదిబ్బమీద పెట్టి, పెద్దమ్మగారి చేయి పట్టుకొనిరి. తూర్పున తెల్లవారినది.

ఇంటికి వచ్చి స్నానములు చేసితిమి. పెద్దమ్మగారు తమ చేతితో మాకు కాఫీలిచ్చిరి. వంటయింట ఆమె ఏదో కూనిరాగము తీయుచుండగా విని మా స్నేహితురాలు కొంగుతో కన్నులొత్తుకొన్నది. సోమవారమునాడు సింహాచలము పోయి స్వామిని సేవించుకొని తిరుగుబండి యెక్కితిమి. దారిలో మా యత్తగారు “ఆ పాట మోహనమేనా? మళ్లీ ఒకసారి బాణీ అనండి” అని అడిగి, తుని వచ్చువరకు పెదవులు కదుపుచునే యుండిరి.

సోదరీమణులారా! మనము నిత్యము చూచుచు గమనింపని వింత యొకటి కలదు. వేప, రావి, కానుగ మొదలగు మన చెట్లు ఆకు రాల్చిన కొలది దినములకే, వాన చుక్కయైన పడకమునుపే, ఎండలు ముదురుచుండగా చిగిర్చును. వేళ్లు లోతుననున్న తడిని అందుకొనుచుండును; పగలు పొడవగుచున్నదని తెలిసికొని చెట్టు కొమ్మను మేల్కొలుపునని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. తొలకరి వచ్చువరకు అది ఆగదు. ఇంగ్లీషువారు ఉపవాసకాలమునకు పెట్టిన పేరులోని అర్థమును మన వేపచెట్టు ఏటేట పాటించుచున్నది.

ఈ సంగతి గ్రంథములలో చదివియుండిన మరచియుందుము. విశాఖపట్టణమున, తుపానుకు విరిగిన మ్రోడు ప్రక్కను, భర్తను పోగొట్టుకొని మూడునెలలైన కానియొక గృహిణి నోట వినుటచేత మరువలేకున్నాము. అప్పటినుండి మా యింట ఉగాదిపచ్చడి కలుపునపుడు మా యత్తగారు ముందుగా బెల్లమువేసి, “వేశానమ్మా, చూశారుగా!” అని మాచేత సాక్ష్యము పలికించుచుందురు.